ఇంకా తక్కువుండొచ్చు

పొద్దున ఎనిమిది కొట్టగానే ఫోను మోగుతుంది. వెస్టర్‌మేడెన్ ఊళ్లో ఎవరికి నలతగా ఉన్నా తెల్లారేదాకా ఓర్చుకుంటారు, గడియారం చూసుకుంటూ కాఫీ తాగుతారు, ఎనిమిది కాగానే అందరూ ఒక్కసారే ఫోను పట్టుకుంటారు. ముప్పై ఒక్క ఏళ్లుగా ఆ ఫోను ఎత్తుతున్నది హిల్యే క్నోల్. ఎవర్ని డాక్టరు ఇవాళే చూడాలి, ఎవరు రేపటిదాకా ఆగగలరు, ఎవరికి కాసేపు మాట్లాడితే చాలు అన్నది ఆ కౌంటరు వెనక ఆవిడే తేలుస్తుంది. తొమ్మిదిన్నరయ్యేసరికి ఆవిడ ఎడమ చెవి ఎర్రబడుతుంది.

అది నవంబరు. చక్కెర తీసే బీటు దుంపలు తవ్వే రోజులు. లారీలు తిరిగి తిరిగి రోడ్డు మీద బంకమన్ను పరిచేశాయి. వచ్చినవాళ్లు గుమ్మంలో బూట్లు ఎంత తుడుచుకున్నా మధ్యాహ్నానికి క్లినిక్ నేల దున్నిన చేనులా ఉంటుంది. ఆ నేల తుడిచేదీ హిల్యేనే.

మంగళవారం రెండింటి నుంచి మూడింటిదాకా మాత్రం ఆవిడ తలుపు వేసుకుంటుంది. ఆ గంట ఆవిడది. ఎనిమిదింటికి ఫోను చేసేవాళ్ల సంగతి పరవాలేదు, చెయ్యనివాళ్ల సంగతే చూసుకోవాలి అని ఇరవై ఏళ్ల కిందట ఆవిడకు తోచింది. ఒంటరిగా ఉండే ముసలివాళ్లకు తనే ఫోను చెయ్యడం మొదలుపెట్టింది. గంటకు ఆరుగురు. డాక్టరు ఎల్త్యో వీర్సుమ్ రెండేళ్లు చూసీ చూడనట్టు ఊరుకుని, మూడో ఏడు క్లినిక్‌కు డబ్బు కట్టే బీమా వాళ్లతో మాట్లాడి ఆ గంటను ఆవిడ పనిలో కలిపించాడు. అప్పట్నుంచీ అది నడుస్తోంది. నాలుగేళ్ల కిందట బీమా వాళ్ల దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. ఈ ఫోన్ల వల్ల ఎవరికైనా మేలు జరుగుతోందా, జరిగితే రుజువు చూపించండి అని.

రుజువు కోసం డాక్టరు పాత పరిశోధనలన్నీ తిరగేశాడు. ఒక మధ్యాహ్నం చేతిలోని పత్రికను కౌంటరు మీద పడేశాడు.

"ఈ మోకాళ్ల మందు ఎవరి మీద పరీక్షించారో చూడు హిల్యే. వయసు అరవై దాటకూడదట. చక్కెర జబ్బు ఉండకూడదు, గుండెజబ్బు ఉండకూడదు, చెవుడు ఉండకూడదు, ఇంకో మందేదీ వాడుతూ ఉండకూడదు. అలాంటివాడు మన ఊరు మొత్తంలో ఒక్కడే ఉన్నాడు."

"ఎవరండీ?"

"పశువుల డాక్టరు."

అప్పుడే ఆయన ఇలాంటి పరీక్ష, అదే ట్రయల్, తనే రాసుకోవాలని పట్టుబట్టాడు. చుట్టుపక్కల తొమ్మిది క్లినిక్కులు. మోకాలి నొప్పితో గుమ్మం లోపలికి వచ్చిన ముసలివాళ్లెవరైనా సరే, ఒంట్లో ఇంకేమున్నా సరే, తీసుకోవాలి. అందరికీ అదే డాక్టరు, అవే మాత్రలు. చీటీ వేసి, సగం మందికి మాత్రం పన్నెండు వారాలపాటు వారానికొక ఫోను. ఫోను చేసేది ఆ క్లినిక్ కౌంటరులో ఉండే మనిషే. కొత్తగా ఎవర్నీ పెట్టడం లేదు, ఎవరికీ శిక్షణ లేదు, రోజూ ఎలా జరుగుతుందో అలాగే. చివర్లో పడమటి వైపు విశ్వవిద్యాలయంలో చదువుకునే పిల్లలు ఫోను చేసి, ఎలా ఉందో కనుక్కుంటారు.

మొదట ఆ విశ్వవిద్యాలయం వాళ్లు పద్నాలుగు పేజీల పుస్తకం పంపారు, ప్రతి రోగీ వారం వారం నింపాలని. డాక్టరు దాన్ని ఇరవై మందికి ఇచ్చి చూశాడు. నాలుగు తిరిగొచ్చాయి. ఒకదాని మీద కాఫీ కప్పు మరక. ఒకదాంట్లో ప్రతి గడిలోనూ ఒకటే అంకె. ఒకదాంట్లో కోళ్ల దాణా లెక్క. ఇంకొకటి మాత్రం నీటుగా నింపి ఉంది, నింపింది ఆ ముసలాయన కూతురు.

"పుస్తకాలు వద్దు," అన్నాడు డాక్టరు. "ఫోను చెయ్యండి. వాళ్ల మాటల్లో వాళ్లను చెప్పనివ్వండి. విని మీరే అయిదు గడుల్లో ఏదో ఒకదాంట్లో వేసుకోండి." ఆ ఒక్క వాక్యం కోసం ఆయన ఎనిమిది నెలలు పోట్లాడాడు. చివరికి వాళ్లే ఒప్పుకున్నారు.

ఆ మంగళవారం పదిన్నరకు లీసెలొట్ వచ్చింది. ముప్పై నిండని పిల్ల. విశ్వవిద్యాలయంలో ఈ ట్రయల్ లెక్కలు చూసేది ఆ పిల్లే. రెండు రైళ్లు, ఒక బస్సు మారి, యాపిల్ కేకు డబ్బా ఒళ్లో పెట్టుకుని వచ్చింది. కేకు చూడగానే హిల్యేకు కబురు అర్థమైంది. మంచి కబురు తెచ్చేవాళ్లు చేతులూపుకుంటూ వస్తారు.

డాక్టరు ఒక రోగికీ ఇంకో రోగికీ మధ్య, నిలబడే విన్నాడు.

"సగం మంది లెక్క పూర్తయింది డాక్టరుగారూ. ట్రయల్‌ను పర్యవేక్షించే కమిటీ చూసింది. ఎవరు ఏ గుంపో నాకు చూపించరు, రెండు గుంపులకూ తేడా లేదని మాత్రం చెప్పారు. అసలు ఎవరికీ పెద్దగా తగ్గినట్టే లేదట. గురువారం మళ్లీ కూర్చుంటారు. ఇలాగే ఉంటే ఆపేయమంటారు."

"ఎవరికీ తగ్గలేదా?" అన్నాడు డాక్టరు.

"గడుల్లో అలాగే ఉంది."

ఆయనకు అరవై నాలుగు. మార్చిలో దిగిపోతున్నాడు. తర్వాత రాబోయే డాక్టరమ్మ అప్పుడే ఒకసారి వచ్చి గదులన్నీ చూసుకుని, మంగళవారం మధ్యాహ్నాలు ఈ గది ఖాళీయేనా అని అడిగి వెళ్లింది కూడా. ట్రయల్ ఉత్త చేతుల్తో ఆగిపోతే జనవరి నుంచి ఆ గంట ఉండదు. అది ముగ్గురికీ తెలుసు కాబట్టి ఎవరూ అనలేదు. హిల్యే కప్పుల్లో కాఫీ పోసి, ఒక్కొక్కరికి ఒక్కొక్క బిస్కెట్టు పెట్టి, బిస్కెట్ల డబ్బా మూత పెట్టేసింది.

"కేకు కూడా ఉందండీ," అంది లీసెలొట్ చిన్నగా.

డాక్టరుకు తినబుద్ధి కాలేదు. కేకు ఎండిపోవడం ఎందుకని హిల్యే దాన్ని జనం కూర్చునే గదిలోకి పట్టించింది. అక్కడ ఆ వేళప్పుడు బూలో హూజింగా ఒక్కడే ఉన్నాడు. నలభై ఏళ్లు బీటు లారీ నడిపి, ఆ హోరుకు చెవులు పోగొట్టుకున్న మనిషి. చెవుల్లో గుమిలి తీయించుకోవడానికి వచ్చాడు. లీసెలొట్ కోసిచ్చిన ముక్కను అరచేతిలో పెట్టుకుని, కిటికీలోంచి బయటికి చూస్తూ, తొందరేమీ లేకుండా నమిలాడు.

"ఎలా ఉందండీ? నేనే చేశాను," అంది ఆ పిల్ల.

బూలో ఇంకాసేపు నమిలాడు. "ఇంకా తక్కువుండొచ్చు."

పిల్ల మొహం చిన్నబోయింది. "చక్కెరా?"

"ఆఁ?"

"చక్కెర ఎక్కువైందా అంటున్నానండీ!"

"మా చేలోంచి పోయిన చక్కెరే కదే పిల్లా, ఎక్కువెందుకవుతుంది? ఇంకో ముక్క ఉందా?"

కౌంటరు వెనక హిల్యే నవ్వింది. పొద్దుట్నుంచి నవ్వడం అదే మొదలు. "బెంగపడకమ్మాయ్. పెళ్లిలో పెళ్లాన్ని చూసి కూడా ఆయన అదే మాటన్నాడు. ఆవిడ సంతోషంతో ఏడ్చేసింది. ఇంతకు మించిన పొగడ్త మా దగ్గర దొరకదు."

"పొగడ్తా?"

"ఇంతకంటే తక్కువ రకంగా ఉండొచ్చు, కానీ లేదు, అని. అంటే చాలా బాగుందని. మీ పడమటోళ్లలా అద్భుతం, అమోఘం అంటూ నోరు నొప్పెట్టుకోం."

లీసెలొట్ కత్తి కింద పెట్టింది. "ఫోనులో కూడా ఇలాగే అంటారా?"

"ఇంకెలా అంటారు?"

ఆ పిల్ల గబగబా సంచీలోంచి కంప్యూటరు తీసి, కౌంటరు మీద మూత్రం సీసాల పళ్లెం పక్కకు జరిపి, అక్కడే తెరిచింది. ఏదో కొట్టింది. చూసింది. మళ్లీ కొట్టింది.

"నాలుగు వందల డెబ్భై ఫోన్లు. రెండు వందల ఏడింట్లో ఈ మాటే."

"ఏ గడిలో వేశారేం?"

"నాలుగో గడి. నొప్పి తగ్గలేదు అన్నది." "మోకాలి నొప్పి ఎలా ఉందండీ అని అడిగారు. ఇంకా తక్కువుండొచ్చు అన్నారు. నొప్పి ఇంకాస్త తగ్గితే బాగుండు అంటున్నారని మా పిల్లలు..."

"మీ పిల్లలు విన్నదే రాశారు," అన్నాడు డాక్టరు వెనకనుంచి. బూలో చెవుల కోసం నీళ్ల పిచికారీ పట్టుకుని ఎప్పుడు వచ్చి నిలబడ్డాడో ఎవరూ చూడలేదు. "వాళ్ల మాటల్లో చెప్పనివ్వండని పోట్లాడినవాణ్ణి నేనే."

బూలో రెండో ముక్క పూర్తి చేసి వేళ్లు నాకుతున్నాడు. "ఎవరైనా పోయారా ఏంటి?" అన్నాడు గట్టిగా.

బూలో చెవులు శుభ్రమై, ఆయన వెళ్లేప్పుడు తలుపు కిర్రుమనడం తనకే వినిపించి ఉలిక్కిపడి నవ్వుకుంటూ పోయాక, ముగ్గురూ వెనక గదిలో కూర్చున్నారు. లీసెలొట్‌కు ప్రాణం లేచొచ్చింది. దారి సులువుగానే ఉందంది. ఈ మాటకు అర్థం ఎప్పుడూ 'బాగుంది' అనే అని ఇక్కడి మనిషి ఒకరు రాసి సంతకం పెడితే చాలు. రెండు వందల ఏడూ ఒక్క దెబ్బకు నాలుగో గడిలోంచి రెండో గడిలోకి మారతాయి. ఎవరు ఏ గుంపో చూడకుండా అన్నిటికీ ఒకే సూత్రం కాబట్టి కమిటీ కాదనదు. లెక్క తప్పని తేలాక ట్రయల్‌ను ఆపరు.

"రాసిచ్చెయ్ హిల్యే," అన్నాడు డాక్టరు. "నీకంటే ఈ మాట తెలిసినవాళ్లెవరు?"

హిల్యే కాగితం తీసుకుంది, చదివింది. రెండే వాక్యాలు. కలం కూడా తీసుకుంది. ఆ తర్వాత ఎందుకో, "ముందు కొన్ని వింటాను," అంది. "'ఎప్పుడూ' అని రాసి ఉంది కదా ఇందులో."

"నీకు వినడానికి తీరికెక్కడుంది?"

"రేపు రొట్టె తినేప్పుడు వింటాను."

మర్నాడు పన్నెండున్నరకు వెనక గదిలో జున్ను పెట్టిన రొట్టె ముందు పెట్టుకుని, ఇయర్‌ఫోన్లు చెవులకు తగిలించుకుని విన్నది. తమ క్లినిక్ తాలూకు ఇరవై రికార్డులు ఆ పిల్ల వదిలివెళ్లింది. వాటి మీద పేర్లు లేవు, అంకెలే. కానీ ఎనిమిదింటికి రోజూ వినే గొంతులకు పేర్లెందుకు? మాట్లాడే ముందు రెండుసార్లు దగ్గేది ట్రైన్‌త్యే బోల్హూస్. 'ఇంకా తక్కువుండొచ్చు' అంది ట్రైన్‌త్యే. నిజమే. ఆవిడ ఈ మధ్య మళ్లీ సైకిలెక్కింది, పొద్దున కూడా కనబడింది. రెండోది, మూడోది, నాలుగోది, అన్నీ అలాగే. అయిదోదానికి హిల్యే రొట్టె సగం పూర్తయింది, కలం మూత తీసి పెట్టుకుంది.

ఆరోది ఫోక్కో టోక్సోపేయుస్. కాలువ గట్టున ఒంటరిగా ఉండే మనిషి, డెబ్భై తొమ్మిదేళ్లు. చీటీలో హిల్యే వంతుకు వచ్చినవాడు. ఆ పన్నెండు మంగళవారాలూ ఆవిడ ఫోను చేసింది. సెప్టెంబరు నెలాఖరుకు పన్నెండూ అయిపోయాయి.

రికార్డులో విశ్వవిద్యాలయం పిల్ల ముందు తన పేరు చెప్పింది. అందరితో అన్నట్టే అంది: "ఇబ్బంది పెడుతున్నానా అండీ? ఏదైనా పనిలో ఉన్నారా?"

"లేదు పిల్లా. కూర్చున్నాను. ఆదివారం నుంచి కూర్చునే ఉన్నాను."

పిల్ల హాస్యమనుకుని నవ్వింది. "అయితే మంచి సమయానికే చేశాను! మోకాలెలా ఉందండీ?"

"మోకాలా?" వెనక గోడ గడియారం చప్పుడు. "ఇంకా తక్కువుండొచ్చు."

టకటకా మీటల చప్పుడు. ధన్యవాదాలు. అయిపోయింది.

హిల్యే దాన్ని మొదటికి తిప్పి విన్నది. మళ్లీ విన్నది. లేచి వెళ్లి తన మంగళవారం పుస్తకం తెచ్చింది. అదే వారం, ఈ పిల్ల ఫోను చెయ్యడానికి రెండ్రోజుల ముందు, తన చేత్తో తను రాసుకున్న వరస: 'ఫోక్కో. మోకాలు. ఇంకా తక్కువుండొచ్చు.' పక్కన ఒక టిక్కు. బాగున్నవాళ్లకు ఆవిడ పెట్టే టిక్కు. దాని పైవారం అదే. దాని పైవారమూ అదే. పన్నెండు వరసలు, పన్నెండు టిక్కులు.

అంటే ఆ మంగళవారం ఆయన కుర్చీలోంచి లేవలేని స్థితిలోనే తనతో మాట్లాడాడు. తను కనుక్కోలేదు. ఊరూ పేరూ తెలియని పిల్ల కనుక్కోకుండానే కనుక్కుంది, మర్యాదకు ఒక ముక్క అడిగినందుకు. తను ఆ మర్యాద ఎప్పుడో మానేసింది. గంటకు ఆరుగురు కదా. "ఫోక్కో మామా, హిల్యేని. మోకాలెలా ఉంది?" అంతే.

మిగిలిన రొట్టెను కాగితంలో చుట్టేసింది.

నాలుగింటికి సైకిలెక్కింది. ఎదురుగాలి. గట్టు దారి నిండా లారీ చక్రాల గాడులు, వాటిలో నీళ్లు. ఫోక్కో ఇంటి ముందు కోళ్లగూడు తలుపు బార్లా తీసి ఉంది, లోపల కోళ్లు లేవు. వెనక తలుపుకు ఎప్పుడూ తాళం ఉండదు. వంటింట్లోంచి ముందు గదిలోకి వెళ్తే, కిటికీ పక్కన మంచం వేసి ఉంది. మేడ మీద ఉండాల్సిన మంచం.

ఫోక్కో దాని పక్కనే కుర్చీలో ఉన్నాడు. గడ్డం గీసుకున్నాడు, చొక్కా గుండీలన్నీ పెట్టుకున్నాడు. ఒక కాలికి మేజోడు ఉంది, రెండోదానికి లేదు.

"హిల్యే పిల్లా! ఎవరు చచ్చారు?"

"ఎవరూ చావలేదు. మంచం ఎవరు దింపారు?"

"పక్కింటి డెర్క్. కోళ్లను కూడా వాడే పట్టుకుపోయాడు. గుడ్లు తెచ్చిస్తాడులే."

"ఎప్పుడు?"

"చిక్కుళ్లు కోసేటప్పుడు."

అంటే ఆగస్టు. హిల్యే కోటు విప్పకుండానే మంచం అంచున కూర్చుంది. "నేను ప్రతి వారం ఫోను చేశాను."

"చేశావు. బాగుండేది."

"ప్రతి వారం ఇంకా తక్కువుండొచ్చు అన్నావు."

"ఉండొచ్చుగా మరి. మా అన్నకు కాలే తీసేశారు."

"ఫోక్కో మామా!"

"అరవకు. నువ్వు మోకాలడిగావు. మోకాలికేం, శుభ్రంగా ఉంది. వేసవిలోనే తగ్గిపోయింది." అరచేతిని తొడ మీదుగా పైకి జరిపి, నడుం కింద ఆపాడు. "పాడైంది ఇది. తుంటి. తుంటి సంగతి నువ్వెప్పుడూ అడగలేదు."

"చెప్పొచ్చు కదా?"

ఆయన ఆవిడ వైపు నిజంగానే వింతగా చూశాడు. "అడగనిది ఎలా చెప్తారు పిల్లా? నీకు ఇంకా అయిదుగురున్నారు. ఇది మోకాళ్ల ట్రయల్ అని డాక్టరు సంతకం కూడా పెట్టించుకున్నాడు."

హిల్యే వంగి, కింద పడి ఉన్న రెండో మేజోడు తీసి, ఆయన కాలికి తొడిగింది. కాలు ఎత్తేప్పుడు ఆయన కుర్చీ చేతిని గట్టిగా పట్టుకున్నాడు. ఆ పట్టు చూసింది ఆవిడ. ఫోనులో ఆ పట్టు వినబడదు.

"రేపు డాక్టరు వస్తారు," అంది లేస్తూ.

"రేపు గురువారం. ఆయన ఇళ్లకు వచ్చేది శుక్రవారం కదా?"

"రేపే వస్తారు."

తిరిగొచ్చేప్పుడు గాలి వెనకనుంచి తోసింది. అయినా తొక్కడం భారంగానే ఉంది. ఆవిడ ఆలోచించింది ఒకే సంగతి. జేబులో కాగితం ఉంది. రెండు వాక్యాలు, కింద సంతకానికి జాగా. సంతకం పెడితే ఫోక్కో రెండో గడిలోకి మారతాడు, బాగున్నవాళ్లలోకి. గంట నిలుస్తుంది. ఫోక్కో కూడా ఏమీ అనడు, అడిగినా ఇంకా తక్కువుండొచ్చు అంటాడు.

గురువారం ఏడున్నరకే, ఫోను మొదలుకాకముందే, డాక్టరు ముందర ఆ కాగితం పెట్టింది. సంతకం లేదు. లీసెలొట్ ఫోనులో ఉంది. ఫోనును బల్ల మీద పెట్టి, గొంతు పెద్దగా వినబడేలా చేశారు. హిల్యే ఫోక్కో సంగతంతా చెప్పింది. పుస్తకంలో తన టిక్కుల సంగతి కూడా దాచలేదు.

డాక్టరు కళ్లద్దాలు తీసి కళ్లు నులుముకున్నాడు. "నా దగ్గరికి జూన్‌లో వచ్చాడు. మోకాలు నొక్కి చూసి పంపించాను. పై కీలు పాడైతే నొప్పి మోకాల్లో తెలియొచ్చని విద్యార్థులకు నేనే చెప్తాను." కళ్లద్దాలు మళ్లీ పెట్టుకుని, "ఒక్కడి కోసం, హిల్యే? మిగతా రెండు వందల ఆరూ బాగున్నవాళ్లే అయితే?"

"అయి ఉండొచ్చు. ఆయన కూడా బాగున్నాడనే రాసుకున్నాను నేను."

"ఇవాళ్టితో ఆపేస్తారు."

"తెలుసండీ."

ఫోనులోంచి లీసెలొట్ నీరసంగా అడిగింది. "అయితే కమిటీకి ఏం చెప్పమంటారు? ఆ మాటకు అర్థమే లేదనా?"

"ఉంది. మమ్మల్ని వదిలెయ్యండి అని అర్థం," అంది హిల్యే. డాక్టరు ఆవిడ వైపు చూశాడు. "నువ్వు అదొక్కటే ఎందుకు వెతుకుతావమ్మాయ్? మీ పిల్లలు మొదట్లో ఒక మాట అడుగుతారు చూడు, ఇబ్బంది పెడుతున్నానా, పనిలో ఉన్నారా అని. ఎలా ఉన్నావంటే ఇక్కడెవరూ చెప్పరు. ఏం చేస్తున్నావంటే చెప్తారు. ట్రైన్‌త్యే ఉల్లికాడలు తవ్వి ఇప్పుడే లోపలికొచ్చానంది. ఫోక్కో కూర్చున్నానన్నాడు. ఆ మాట తెలియడానికి మా ఊరివాళ్లే అయ్యుండక్కర్లేదు. నిలబడ్డారా, కూర్చున్నారా అన్నది ఎవరికైనా అర్థమవుతుంది."

అవతల మీటలు నొక్కిన చప్పుడు వినబడింది.

"అది అన్ని రికార్డుల్లోనూ ఉంది," అంది లీసెలొట్ చివరికి. "మర్యాద కోసం పెట్టిన ముక్క. దాన్నెవరూ లెక్కపెట్టలేదు. ముందుగా రాసుకున్న లెక్కలో లేదు కాబట్టి, ఎవరు ఏ గుంపో బయటపెట్టకముందే ఈ మార్పు రాసిచ్చి ఒప్పించాలి. ఇక్కడి గుమాస్తాలిద్దరి చేత లెక్కపెట్టిస్తే, వాళ్లకు మీ ఊరి మొహం కూడా తెలియదు..." ఆగింది. "హిల్యేగారూ, ఇది మీ ఫోన్లకు వ్యతిరేకంగా రావచ్చు. తెలుసుగా?"

"ఎనిమిదవుతోంది," అంది హిల్యే, కౌంటరు వైపు వెళ్తూ. "ఫోను మోగుతుంది."

కమిటీ ఆ మార్పుకు ఒప్పుకుని నెల గడువిచ్చింది. డాక్టరు ఆ గురువారమే గట్టు మీదికెళ్లి ఫోక్కోను చూశాడు. ఎక్స్‌రే తీయిస్తే తుంటి కీలు అరిగి ముద్దయిపోయి ఉంది. ఫిబ్రవరిలో ఆపరేషన్‌కు తేదీ ఇచ్చారు. ఆ నెలంతా వాన. మంగళవారాలు హిల్యే ఎప్పటిలా తలుపు వేసుకుంది కానీ, ఆరుగురికి బదులు ఇద్దరికో ముగ్గురికో మాత్రమే చెయ్యగలిగింది. ఏం చేస్తున్నారని అడిగితే మాటలు తెగవు. ఒకావిడ కిటికీ దగ్గర నిలబడి గిన్నె కడుగుతున్నానంది, ఎందుకమ్మా కిటికీ దగ్గర అంటే, వంటింటి దీపం పోయి మూడు వారాలైందంది, కుర్చీ ఎక్కలేక మార్చలేదంది. అది మోకాళ్ల పుస్తకంలో ఎక్కడ రాయాలో హిల్యేకు తెలియలేదు. అంచున రాసింది.

డిసెంబరు రెండో వారంలో ఉత్తరం వచ్చింది. డాక్టరు చదివి, మడతపెట్టి, మళ్లీ విప్పి ఆవిడకిచ్చాడు. పని చేసుకుంటూ లేచి తిరుగుతున్నవాళ్లు, ఫోను వచ్చినవాళ్లలో వందకు యాభై ఎనిమిది. ఫోను రానివాళ్లలో యాభై ఏడు. మిగతా సగం మందిని తీసుకోవాల్సిన పని లేదు. ట్రయల్ ఇంతటితో ఆపాలి. శ్రద్ధగా పనిచేసిన తొమ్మిది క్లినిక్కులకూ కృతజ్ఞతలు.

"ఆ ఎక్కువైన ఒక్కడు పశువుల డాక్టరై ఉంటాడు," అన్నాడు ఆయన.

హిల్యే నవ్వబోయింది, నవ్వు రాలేదు.

"నువ్వు అప్పుడు సంతకం పెట్టి ఉంటే," అని మొదలుపెట్టి, ఆయన మానేశాడు. కిటికీ బయట బీటు లారీ ఒకటి వెళ్లింది, గాజు అదిరింది. "నాలుగేళ్లు. రోజూ మనం ఎలా చేస్తామో అలాగే పరీక్షించాలన్నాను. అలాగే పరీక్షించారు."

"అలాగే చేశామండీ మనం," అంది హిల్యే. "మోకాలెలా ఉంది అని."

ఆయన తలూపాడు. తర్వాతి రోగిని పిలవడానికి లేచాడు. లేచేప్పుడు బల్లను పట్టుకోవడం ఆవిడ చూసింది. ఇంతకుముందు చూడలేదు.

క్రిస్మస్‌కు ముందు వచ్చిన మంగళవారం ఆ గంటకు ఆఖరుది. రెండింటికి తలుపు వేసుకుని పుస్తకం ముందు పెట్టుకుంది హిల్యే. కొత్త డాక్టరమ్మ పంపిన బరువు తూచే యంత్రం అప్పుడే అట్టపెట్టెతో సహా గది మూలకు వచ్చి కూర్చుంది. ఎవరికి చెయ్యాలో ఆవిడ రాసుకుంది. మూడు పేర్లు. మొదటి అంకె కూడా నొక్కలేదు. రెండుంబావైంది.

ఫోను తనే మోగింది. లీసెలొట్.

"హిల్యేగారూ, ఇబ్బంది పెడుతున్నానా? పనిలో ఉన్నారా?"

అలవాటుగా, 'లేదు, చెప్పమ్మా' అనబోయింది హిల్యే. నోటిదాకా వచ్చింది. పుస్తకం వైపు చూసింది, గడియారం వైపు చూసింది.

"లేదమ్మాయ్," అంది. "కూర్చున్నాను."

అవతల మీటల చప్పుడు వినబడలేదు. నవ్వూ వినబడలేదు. ఆ పిల్ల కుర్చీ దగ్గరికి లాక్కున్న చప్పుడు మాత్రం వినబడింది.

"ఎప్పట్నుంచి?" అంది లీసెలొట్.